పదకొండో నంబర్ అమ్మాయి, రెండో క్వార్టర్ మొదటి నాలుగు నిమిషాలు

ఊరు హైదరాబాద్, అమ్మాయిల డిగ్రీ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్, అంతవరకే చెప్తాను. పిల్లల పేర్లు రాయట్లేదు, జెర్సీ నంబర్లు మార్చేశాను, ఎవరు ఏ ఇయరో కూడా ఒకట్రెండు చోట్ల అటూ ఇటూ చేశాను. నేను అక్కడ పార్ట్ టైమ్ కోచ్‌ని, సాయంత్రం పూట వెళ్ళి ప్రాక్టీస్ చేయించి వస్తాను. మ్యాచ్‌లో దిగకుండా బెంచ్ మీద కూర్చునే పిల్లల బాధ ఏంటో నాకు బాగా తెలుసు అనుకుంటూ చాలా ఏళ్ళు కోచింగ్ చేశాను, ఎందుకంటే నేను కూడా కాలేజీలో రెండేళ్ళు బెంచ్ మీదే ఉన్నాను. ఆ తెలుసు అనుకోవడమే నన్ను ఒక సీజన్ మొత్తం తప్పు దారిలో నడిపించింది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

టీమ్‌లో పన్నెండు మంది. ముగ్గురు హాస్టల్, తొమ్మిది మంది డే స్కాలర్లు. కాలేజీ బస్సులు నాలుగింటికి కదులుతాయి, మా ప్రాక్టీస్ నాలుగుంబావు నుంచి ఆరు దాకా. అంటే ప్రాక్టీస్‌కి ఆగిన ప్రతి పిల్ల ఫీజు కట్టిన బస్సుని వదిలేసుకుని ఆగుతోందన్నమాట. తర్వాత ఆర్టీసీ పట్టుకుని పోవాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయింది, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తున్నారు, కాబట్టి డబ్బుల బాధ లేదు. కానీ సాయంత్రం ఆరింటికి ఉప్పల్ వైపో మెహదీపట్నం వైపో పోయే బస్సులో బ్యాగు ముందుకేసుకుని గంటన్నర నిలబడి వెళ్ళడం అంటే ఏంటో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మ్యాచ్‌లో 35 నిమిషాలు ఆడే పిల్లా అదే బస్సు, ఒక్క నిమిషం కూడా ఆడని పిల్లా అదే బస్సు. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

మన ఆటలో లెక్క చాలా కఠినంగా ఉంటుంది. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, కోర్టులో ఐదుగురు, మొత్తం పంచుకోవడానికి ఉన్నవి 200 నిమిషాలు. ఎంత మంచి మనసున్న కోచ్ అయినా 201వ నిమిషం తేలేదు. నాకు ఎప్పుడూ గుర్తొచ్చే విషయం ఒకటుంది, 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ స్కూల్లో నైస్మిత్ ఈ ఆట మొదటిసారి ఆడించినప్పుడు క్లాసులో పద్దెనిమిది మంది ఉంటే తొమ్మిదేసి మందిని చెరోవైపు దింపేశాడు, అంటే మొదటి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో బెంచే లేదు. బెంచ్ తర్వాత వచ్చింది, దాంతోపాటే ఈ గొడవా వచ్చింది.

సమస్య ఎలా బయటపడింది

పదకొండో నంబర్ సెకండ్ ఇయర్. ఫస్ట్ ఇయర్‌లో ఉన్నప్పుడు ఒక సీనియర్‌కి చీలమండ బెణికితే ఆ సీజన్ చివర్లో ఈమె స్టార్టింగ్ ఫైవ్‌లో, అంటే మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలో ఆడింది, బాగానే ఆడింది. తర్వాత ఏడాది ఐదడుగుల తొమ్మిదంగుళాల ఫ్రెషర్ ఒకమ్మాయి వచ్చింది, స్కూల్ నుంచే ఆడిన పిల్ల, ఆమెకి నాలుగో నంబర్ జెర్సీ ఇచ్చి ఆ స్థానంలో దింపాను, పదకొండో నంబర్ బెంచ్ మీదకి వెళ్ళింది. నేను ఆమెని కూర్చోబెట్టి మాట్లాడలేదు. హైట్ కళ్ళకి కనిపిస్తూనే ఉంది కదా, అందరికీ అర్థమవుతుంది అనుకున్నాను.

రెండు నెలల్లో మనిషి మారిపోయింది. వార్మప్‌కి ఐదు నిమిషాలు లేటు, టైమౌట్‌లో అందరూ గుండ్రంగా చేరితే ఈమె వెనక వరసలో, బెంచ్ మీద ఎప్పుడూ చివరి కుర్చీ. ఆ తర్వాత ఒక ఇంటర్ కాలేజ్ మ్యాచ్. మూడో క్వార్టర్‌లో నాలుగో నంబర్‌కి నాలుగో ఫౌల్ పడింది, ఇంకొకటి పడితే మ్యాచ్ నుంచే బయటికి. నేను తిరిగి "పదకొండూ!" అని పిలిచాను. ఆమె ట్రాక్ ప్యాంట్ మీదే ఉంది, షూ లేసులు వదులు చేసుకుని కూర్చుంది. మన రూల్ ప్రకారం సబ్‌గా, అంటే ఇంకొకరి బదులు దిగే ప్లేయరే స్కోరర్ టేబుల్ దగ్గరికి వెళ్ళి అడగాలి, అడిగేటప్పటికి వెంటనే ఆడేందుకు రెడీగా ఉండాలి. ఈమె ప్యాంట్ తీసి, కూర్చుని, ఎడమ కాలి లేసు ముడేసి, కుడి కాలికి వచ్చేలోపు రిఫరీ బాల్ ఇచ్చేశాడు. నాలుగు ఫౌళ్ళతో ఉన్న పిల్ల ఇంకో నిమిషం పైన కోర్టులోనే ఉండాల్సొచ్చింది. చివరికి పదకొండు దిగింది, రెండు నిమిషాల్లో ఆమె కాయాల్సిన అమ్మాయి రెండు త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) కొట్టింది, నేను తీసేశాను, ఆమె నా వైపు చూడకుండా వచ్చి వాటర్ బాటిల్‌ని కాలితో తోసి చివరి కుర్చీలో కూర్చుంది. మూడో క్వార్టర్ అయ్యేసరికి 9 పాయింట్ల లీడ్ ఉంది మాకు, మ్యాచ్ 6 తేడాతో ఓడిపోయాం. నాలుగో క్వార్టర్‌లో మా స్టార్టర్ల షాట్లు వరసగా రింగ్ ముందు అంచుకి తగిలి పడ్డాయి, అది కాళ్ళు అలిసిపోయాయని చెప్పే గుర్తు, చేతి తప్పు కాదు.

మర్నాడు పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ "యాటిట్యూడ్ ప్రాబ్లమ్ మేడమ్, ఒకర్ని తీసేస్తే మిగతావాళ్ళు దారికొస్తారు" అన్నారు. ఆయన అనుభవంతోనే అన్నారు, పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. కానీ నేను ఒప్పుకోలేదు. బాటిల్ తన్నింది ఒకమ్మాయే అయినా ఆ రోజు మిగతా ఆరుగురు బెంచ్ పిల్లల మొహాలు నేను చూశాను, వాళ్ళలో ఒక్కరికి కూడా ఆమె మీద కోపం లేదు. ఇంకోటి, ఆమెని తీసేస్తే నాలుగో నంబర్‌కి ఫౌళ్ళు పడ్డ రోజున నాకు ఆ పొజిషన్‌లో ఆడే మనిషే ఉండదు. అదే వారంలో వాళ్ళమ్మ ఫోన్ చేసింది. కోపంగా కూడా మాట్లాడలేదు, "మేడమ్, ఆడిపియ్యనప్పుడు పిల్లని ఎందుకు ఆపుకుంటున్రు, వచ్చేసరికి చీకటి పడ్తున్నది" అంది. నా దగ్గర జవాబు లేదు. చూస్తానమ్మా అని పెట్టేశాను, కానీ ఆ ప్రశ్న చాలా రోజులు నాతోనే ఉంది.

నేను చేసిన మొదటి పని

మాటలు చెప్పడం. ఆమెని పిలిచి పెద్ద పెద్ద ఉదాహరణలు చెప్పాను. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 1982-83 సీజన్ నుంచి సిక్స్త్ మ్యాన్‌కి, అంటే బెంచ్ నుంచి దిగే ఆరో మనిషికి, విడిగా అవార్డే ఇస్తున్నారని, జినోబిలి లాంటివాడు 2008లో అది తీసుకున్నాడని, ఆడవాళ్ళ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో డివానా బానర్ 2009, 2010, 2011 వరసగా మూడేళ్ళు తీసుకుందని, 2015 ఫైనల్స్‌లో బెస్ట్ ప్లేయర్ అవార్డు (ఎంవీపీ) తీసుకున్న ఇగ్వడాలా ఆ సీజన్ లీగ్ మ్యాచుల్లో ఒక్కదాంట్లో కూడా స్టార్ట్ చెయ్యలేదని. శ్రద్ధగా విన్నది. చివర్లో "వాళ్ళకి పైసలొస్తయ్ మేడమ్, నేను ఇంటికి పోయేసరికి ఎనిమిదైతుంది" అంది.

నాకు కొంచెం బాధేసింది, కానీ ఇంటికెళ్ళి ఆలోచిస్తే ఆమె మాటలో ఇంకో న్యాయం కూడా కనిపించింది. జినోబిలి అవార్డు తీసుకున్న సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 31 నిమిషాలు ఆడాడు, వాళ్ళ మ్యాచ్ 48 నిమిషాలు. పేరుకి బెంచ్, ఆడింది స్టార్టర్ అంత. నేనేమో మ్యాచ్‌కి రెండు నిమిషాలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు ఉన్న పిల్లకి ఆరో మనిషి కథ చెప్తున్నాను. ఆరో మనిషికి తన పని తెలుసు, ఎప్పుడు లేపుతారో తెలుసు. తొమ్మిదో మనిషికి, పదో మనిషికి చెప్పే కథ నా దగ్గర ఒక్కటి కూడా లేదు.

రెండోసారి నేను లెక్క ప్రకారం న్యాయం చేద్దామనుకున్నాను. 200 నిమిషాలు పన్నెండు మందికి పంచితే ఒక్కొక్కరికి 16 నిమిషాల 40 సెకన్లు. టోర్నమెంట్‌లో రిస్క్ తీసుకోలేను కాబట్టి ఫ్రెండ్లీల్లో పెట్టాను, మూడు మ్యాచులు, ఐదేసి నిమిషాలకి బ్యాచ్ మార్చడం. నా ఆలోచన ఏంటంటే, అందరికీ సమానంగా దొరికితే కనీసం కోపం చల్లారుతుంది, ఆ తర్వాత ఎవరేం చేయగలరో చూసుకోవచ్చు అని. మూడూ ఓడిపోయాం, అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం ఏంటంటే పిల్లలు గడియారం చూసి ఆడటం మొదలుపెట్టారు. ఐదు నిమిషాల్లో బయటికి పోతాం అని తెలుసు కాబట్టి బాల్ చేతికొస్తే చాలు షాట్ వేసేస్తున్నారు, పాస్ వెళ్ళట్లేదు. స్టార్టర్లు మొహం మాడ్చుకున్నారు, అది ఊహించిందే, కానీ బెంచ్ పిల్లలకి కూడా నచ్చలేదు, అది మాత్రం నేను ఊహించలేదు. పద్నాలుగో నంబర్ నాతో "దానం చేసినట్టున్నది మేడమ్" అంది. చాలా నెమ్మదైన పిల్ల, ఆమె నోట్లోంచి ఆ మాట రావడం నన్ను బాగా ఆపింది. సమానంగా ఇచ్చిన నిమిషానికి వాళ్ళ దృష్టిలో విలువ లేదు, ఎందుకంటే అది వాళ్ళని చూసి ఇచ్చింది కాదు, భాగాహారం చేసి ఇచ్చింది.

మూడోది మీటింగ్. ఇది నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది. అందరూ మెట్ల మీద కూర్చోండి, ఎవరి మనసులో ఏముందో చెప్పుకోండి, నేను ఏమీ అనను అన్నాను. ప్రజాస్వామ్యంగా ఉంటుందనుకున్నాను. మొదటి పది నిమిషాలు సీనియర్లే మాట్లాడారు. తర్వాత పదకొండు "నన్ను తీసుడు ఎందుకో ఇప్పటిదాంక ఎవ్వరు చెప్పలే" అంది, కెప్టెన్ ఏడో నంబర్ వెంటనే "ఫస్ట్ నీ డిఫెన్స్ చూస్కో, రెండు త్రీలు నీ మీదనే పడ్డయ్" అంది, ఎదురుగా ఫ్రెషర్ నాలుగో నంబర్ తల దించుకుని కూర్చుంది, తను రావడమే తప్పు అన్నట్టు, ఇంకో ఇద్దరు ఏడ్చేశారు. పన్నెండు మంది ముందు ఎవరూ తన స్థానం గురించి నిజం చెప్పలేరు, వినలేరు, ముఖ్యంగా తనకంటే చిన్నది అక్కడే కూర్చుని ఉంటే. ఈ విషయం నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

కానీ ఆ మీటింగ్‌లోంచి ఒక్క మాట దొరికింది. అందరూ లేచి వెళ్ళిపోతుంటే తొమ్మిదో నంబర్ ఆగింది, బ్యాగు జిప్పు పెట్టుకుంటూ, నా వైపు పూర్తిగా చూడకుండా, "మేడమ్, తక్కువ ఆడిపిచ్చినా పర్లేదు, ఎప్పుడు పంపిస్తరో ముందే చెప్పున్రి. మొత్తం మ్యాచ్ ఎదురుచూసుడు కష్టమైతున్నది. పిలుస్తరేమో అని భయం, పిలవరేమో అని భయం" అంది.

ఆ రెండు త్రీలు

ఆ రాత్రి ఓడిపోయిన మ్యాచ్ వీడియో మళ్ళీ పెట్టాను. ఒకమ్మాయి వాళ్ళ తమ్ముడు ఫోన్‌లో తీశాడు, సగం టైమ్ ఎవరిదో తల అడ్డం ఉంటుంది. ఆ రెండు త్రీలు పదిసార్లు చూసుంటాను. రెండూ ఒకేలా పడ్డాయి. ఎదుటి షూటర్‌కి వాళ్ళ పొడుగమ్మాయి వచ్చి స్క్రీన్ పెట్టింది, అంటే కాసేవాళ్ళ దారికి అడ్డంగా నిలబడింది. షూటర్‌ని కాస్తున్నది పదకొండు, స్క్రీన్ పెట్టినామెని కాస్తున్నది ఏడు. మా స్టార్టర్లు ఆడే పద్ధతిలో ఏడు ఒక్క అడుగు బయటికొచ్చి షూటర్‌ని ఆపి మళ్ళీ తన మనిషి దగ్గరికి పోవాలి, ఆ ఒక్క సెకనులో పదకొండు స్క్రీన్ పైనుంచి దూరి షూటర్‌ని అందుకోవాలి. ఏడు తన పని తను చేసింది. పదకొండు మాత్రం "స్విచ్" అని, అంటే మనం కాసే మనుషుల్ని మార్చుకుందాం అని, గట్టిగా అరిచి, స్క్రీన్ పెట్టినామె మీదకి మారిపోయింది. ఇద్దరూ ఒకే మనిషి దగ్గర, షూటర్ ఖాళీగా. వీడియోలో ఆ అరుపు స్పష్టంగా వినిపిస్తోంది. నిర్లక్ష్యంగా ఉన్న పిల్ల అలా అరవదు.

మరి స్విచ్ అని ఎందుకు అంది? నేనే నేర్పాను కాబట్టి. మా తర్వాతి ప్రత్యర్థులు స్విచ్ ఆడతారని, మా స్టార్టర్లు దాని మీద అటాక్ ప్రాక్టీస్ చేయాలని, రెండో ఐదుగురికి పసుపు బిబ్స్ (ఎవరు ఏ వైపో తెలిసేలా పైన వేసుకునే రంగు బనియన్లు) వేసి రెండు వారాలుగా స్విచ్ డిఫెన్స్ ఆడిస్తున్నాను. నా ప్రాక్టీస్ డైరీ తీసి చూశాను. ఆ మ్యాచ్‌కి ముందు ఆరు రోజుల ప్రాక్టీస్‌లో రెండో ఐదుగురు మన సొంత డిఫెన్స్ ఆడింది రెండే రోజులు, అదీ చివర్లో పది నిమిషాలు, అప్పటికి సగం మంది కళ్ళు బస్సు మీద ఉంటాయి. వారమంతా ఎదుటి టీమ్‌లాగా ఆడించి, శనివారం ఒక్కసారి లేపి, మన టీమ్‌లాగా ఆడు అన్నాను. ఆడలేకపోతే తీసేశాను. తీసేసినప్పుడు కారణం చెప్పలేదు. మా కెప్టెన్ పన్నెండు మంది ముందు అదే తప్పుని ఆమె నెత్తిన వేస్తే నేను చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు చేసిన మొదటి పని, ఏడునీ పదకొండునీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆ క్లిప్ చూపించడం. మీ ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, తప్పు నాది అని చెప్పి ఎందుకో వివరించాను. ఏడు మళ్ళీ ఒకసారి పెట్టమని అడిగింది, చూసి, "అరె, నువ్వు స్విచ్ అన్నవ్ కదా" అంది. అంతే, సారీ గీరీ ఏం లేదు. కానీ ఆ రోజు వార్మప్‌లో ఇద్దరూ ఒకే లైన్లో నిలబడ్డారు.

ఏం మార్చాను

మొదట ప్రాక్టీస్. మ్యాచ్ నిమిషాల కంటే ముందు ప్రాక్టీస్ నిమిషాలు పంచాలి, ఇది నాకు అప్పుడు తట్టింది. స్టార్టర్లు ఒకవైపు, మిగతావాళ్ళు ఒకవైపు అనే పద్ధతి తీసేశాను. రోజూ బిబ్స్ కలిపి ఇస్తాను, ఏ వైపు చూసినా కనీసం ఇద్దరు స్టార్టర్లు ఉంటారు, ఎదుటి టీమ్ ఆటని రెండు వైపుల వాళ్ళూ సగం సగం ఆడతారు. దీనివల్ల నష్టం కూడా ఉంది, దాచను, మొదటి ఐదుగురి మధ్య కుదిరిన లయ కొన్ని వారాలు దెబ్బతింది, పాసులు అటూ ఇటూ పోయాయి, పీడీ సార్ చూసి కంగారుపడ్డారు. అయినా ఆగలేదు, ఎందుకంటే ఫౌల్ ట్రబుల్ వచ్చినప్పుడు ఎలాగూ ఆ ఐదుగురు కలిసి ఉండరు.

రెండోది, తొమ్మిదో నంబర్ అడిగినట్టు ముందే చెప్పడం. అన్ని నిమిషాలూ ముందే రాసిపెట్టలేం, ఆట అలా నడవదు, కాబట్టి రెండే విషయాలు ఫిక్స్ చేశాను. రెండో క్వార్టర్ మొదటి నాలుగు నిమిషాలు కెప్టెన్ ఏడుతో పాటు బెంచ్ నుంచి నలుగురు: పదకొండు, తొమ్మిది, పద్నాలుగు, ఆరు. స్కోర్ ఎంతున్నా సరే. ఎందుకు రెండో క్వార్టర్ మొదలు అంటే, క్వార్టర్ల మధ్య రెండు నిమిషాల గ్యాప్ ఉంటుంది, లేసులు కట్టుకోవడానికి, ఎవరు ఎవర్ని కాయాలో చెప్పుకోవడానికి తొందర ఉండదు. టీమ్ ఫౌళ్ళు, అంటే అందరివీ కలిపిన లెక్క, క్వార్టర్ మారగానే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి, షాట్ వేస్తున్నప్పుడు చేసిన ఫౌల్ కాకపోతే ఐదో ఫౌల్ నుంచే ఎదుటివాళ్ళకి ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోని షాట్లు), కాబట్టి మొదట్లో భయంతో ఒకటి రెండు ఫౌళ్ళు చేసినా వెంటనే శిక్ష పడదు. ఏమైనా తేడా వచ్చినా సరిచేసుకోవడానికి ఇంకా 26 నిమిషాల ఆట ఉంటుంది. ఎందుకు నాలుగు అంటే, రెండు నిమిషాల్లో కొందరికి బాల్ కూడా అందదు, మొదటి తప్పు దగ్గరే టైమ్ అయిపోతుంది. నాలుగు నిమిషాల్లో మన చేతికి ఏడెనిమిది సార్లు బాల్ వస్తుంది, ఒక తప్పు చేసి దాన్ని దిద్దుకునే వీలుంటుంది. ఆ నాలుగు నిమిషాల్లో తప్పు చేసినందుకు ఎవర్నీ తీయను అని మాటిచ్చాను.

రెండో ఫిక్స్ ఫౌళ్ళది. మొదటి హాఫ్‌లో ఏ స్టార్టర్‌కైనా రెండు ఫౌళ్ళు పడితే ఎవరు దిగాలో ముందే జత కట్టాను. నాలుగో నంబర్‌కి పదకొండో నంబర్. అంటే బెంచ్ మీద కూర్చున్నప్పుడు పదకొండు పని నాలుగో నంబర్ ఫౌళ్ళు లెక్కపెట్టడం, ఆమె ఎవర్ని కాస్తోందో ఆ అమ్మాయిని చూడటం. రెండో ఫౌల్ పడగానే నేను పిలవక్కర్లేదు, తనే లేచి టేబుల్ దగ్గరికి పోవచ్చు. ఇవి రెండూ పోను మిగతా నిమిషాలు నా ఇష్టం, ఆ రోజు నన్ను అడగకూడదు, మర్నాడు ప్రాక్టీస్‌కి ముందు ఎంతైనా అడగొచ్చు.

ఇదంతా మీటింగ్ పెట్టి చెప్పలేదు. క్యాంటీన్‌లో ఒక్కొక్కరితో విడిగా, చాయ్ తాగినంతసేపు. నోట్‌బుక్‌లో వాళ్ళ పేజీ చూపించి, ఇదీ నీ పని, ఇదీ ఇప్పటికి నీకు లేనిది, ఇది రావాలంటే నువ్వు చూపించాల్సింది ఇదీ అని. ఎనిమిది మందితో తేలిగ్గానే గడిచింది. పదకొండు ఆ రోజు నన్ను ఒకటే అడిగింది, "నాలుగో నంబర్ బాగా ఆడితే నాకు ఈ నాలుగు నిమిషాలే కదా?" అవును అన్నాను. కాసేపు చాయ్ వైపు చూసి, సరే మేడమ్ అంది. అబద్ధం చెప్పి ఉంటే ఆ సరే వచ్చేది కాదని నా నమ్మకం.

కష్టమైంది మిగిలిన ముగ్గురితో. లెక్కలో తొమ్మిది మందికే చోటుంది. ఈ టోర్నమెంట్‌లో నీకు ఫిక్స్‌డ్ నిమిషాలు లేవు, ఎవరికైనా దెబ్బ తగిలితేనో, తేడా ఇరవై దాటితేనో తప్ప దిగవు అని ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల మొహం చూసి చెప్పడం... నేను ఇన్నేళ్ళూ దీన్ని తప్పించుకోవడానికే "రెడీగా ఉండు, ఎప్పుడైనా పిలుస్తా" అనేదాన్ని. ఆ మాట దయ అనుకున్నాను. నిజానికి అది వాళ్ళ సాయంత్రాలని, వాళ్ళమ్మానాన్నల ఓపికని నేను తీర్చలేని అప్పుగా తీసుకోవడం. ముగ్గురిలో ఒకమ్మాయి వారం ఆలోచించి మానేసింది, కంప్యూటర్ కోర్సు చేరింది. నన్ను తప్పుపట్టలేదు, ముందు చెప్పుంటే ఇంకా బాగుండేది మేడమ్ అంది. ఒకమ్మాయి నాకు ఆడటమే ఇష్టం, ప్రాక్టీస్ చాలు అని ఉండిపోయింది, బిబ్స్ కలిపినప్పటి నుంచి ఆమెకి రోజూ నలభై నిమిషాల అసలైన ఆట దొరుకుతోంది కదా. మూడో అమ్మాయి స్కోర్‌షీట్ రాయడం నేర్చుకుంటానంది, ఇప్పుడు ఆ పని మా కాలేజీలో ఆమెకంటే నీట్‌గా ఎవరూ చేయరు.

టోర్నమెంట్‌లో

మొదటి మ్యాచ్. రెండో క్వార్టర్ మొదలైంది, నా ఐదుగురు దిగారు. మూడు నిమిషాలయ్యేసరికి ఏడు పాయింట్లు వెనకపడ్డాం. పీడీ సార్ వెనక నుంచి "తియ్యండి మేడమ్, చెయ్యి దాటిపోతోంది" అంటున్నారు. కోర్టులోంచి ఏడు నా వైపు చూసింది. నా చెయ్యి టైమౌట్ కోసం లేవబోయింది, నిజం. అప్పుడు నేను ఆలోచించింది మ్యాచ్ గురించి కాదు. మాటిచ్చిన మొదటి రోజే నేను తప్పితే ఇంక నోట్‌బుక్‌లో ఏం రాసినా కాగితమే. ఓడిపోతే ఓడిపోతాం అని చేతులు కట్టుకున్నాను. చివరి నిమిషంలో తొమ్మిదో నంబర్ రింగ్ దగ్గరికి వెళ్ళి ఒక లేఅప్ వేసింది, పదకొండు స్క్రీన్ పైనుంచి దూరి షూటర్ చేతి మీదకి చెయ్యి తీసుకెళ్ళింది, షాట్ పడలేదు. నాలుగు నిమిషాలు ముగిసేసరికి ఐదు వెనక. స్టార్టర్లు తిరిగి దిగారు, నాలుగో క్వార్టర్‌లో వాళ్ళ షాట్లు రింగ్ ముందు అంచుకి తగల్లేదు. నాలుగు తేడాతో గెలిచాం.

ఒక పిల్ల కోర్టులో ఉన్నంతసేపట్లో వచ్చిన పాయింట్ల తేడా లెక్కపెట్టి, అంటే ప్లస్ మైనస్ చూసి, ఎవరి నిమిషాలు పెంచాలో తేల్చే అలవాటు నాకుండేది. ఆ మ్యాచ్ లెక్క ప్రకారం బెంచ్ నలుగురూ మైనస్ ఐదు, పనికిరానివాళ్ళు. కానీ ఆ నాలుగు నిమిషాల విశ్రాంతి నాలుగో క్వార్టర్‌లో స్టార్టర్ల ఖాతాలో ప్లస్‌గా పడింది. అంత చిన్న ముక్కలో ఆ లెక్క నమ్మకూడదని అప్పటి నుంచి పక్కన పెట్టాను.

సెమీఫైనల్‌లో మొదటి క్వార్టర్ ఏడో నిమిషంలో నాలుగుకి రెండో ఫౌల్ పడింది. నేను తిరిగి చూసేసరికి చివరి కుర్చీ ఖాళీ. పదకొండు అప్పటికే టేబుల్ దగ్గర సబ్ కుర్చీలో ఉంది, ట్రాక్ ప్యాంట్ లేదు, లేసులు రెండు ముళ్ళు వేసి ఉన్నాయి. బయటికొస్తున్న నాలుగుకి చేతికి చెయ్యి కొడుతూ "ఎడమవైపే పోతది చూస్కో, నేను చూసిన" అని తను కాయబోయే అమ్మాయి గురించి తనే చెప్పుకుంటూ లోపలికెళ్ళింది. కోర్టులో ఉన్న ఆ కాసేపట్లో ఆమె ఒక ఛార్జ్ తీసుకుంది, అంటే దూసుకొచ్చే మనిషికి అడ్డంగా నిలబడి గుద్దించుకుని ఫౌల్ ఎదుటివాళ్ళకి పడేలా చేసింది, పొడుగమ్మాయి ఎడమవైపుకే వస్తుందని ముందే వెళ్ళి నిలబడి. కిందపడి లేస్తుంటే ఏడు పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకుని లేపింది. మ్యాచ్ 3 తేడాతో ఓడిపోయాం.

తేలనిది ఒకటుంది. యూనివర్సిటీ టీమ్ సెలెక్షన్‌కి వచ్చేవాళ్ళు నాలుగు నిమిషాలు చూసి ఎవర్నీ ఎంచుకోరు. పన్నెండు మందికీ సర్టిఫికెట్‌లో పేరుంటుంది, కానీ ఇంటర్ యూనివర్సిటీ దాకా వెళ్ళాలంటే కనిపించాలి, కనిపించాలంటే నిమిషాలు కావాలి, స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న ఇళ్ళకి ఇది చిన్న విషయం కాదు. పదకొండు వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఇదే చెప్పాను, ప్రాక్టీస్ ఐదున్నర కల్లా ముగించేస్తున్నాను అని కూడా చెప్పాను. "నాలుగు నిమిషాలకైతే నేను కూడా వచ్చి చూస్త మేడమ్, ఎప్పుడో చెప్పున్రి" అంది. రెండో క్వార్టర్ మొదట్లోనే అమ్మా అన్నాను. ఆ మాట అంత ఖచ్చితంగా చెప్పగలగడం నాకు కొత్త.

సెమీఫైనల్ అయ్యాక మొదటి ప్రాక్టీస్ రోజు పదకొండు పది నిమిషాలు ముందే వచ్చింది. మీ రూల్ ప్రకారమే అడుగుతున్న మేడమ్, మర్నాడు ప్రాక్టీస్‌కి ముందు అడగొచ్చు అన్నరు కదా, నాకు నాలుగు సరిపోతలేవు, ఆరు కావాలె అంది. నోట్‌బుక్ తీశాను. 200 అలాగే ఉన్నాయి, ఆ రెండు నిమిషాలు ఎవరి దగ్గర తియ్యాలో నువ్వే చెప్పు అన్నాను. పేజీలు తిప్పింది, వేలు పెట్టి ఒక్కో వరస చదివింది. "ఏడో నంబర్ అక్కవి. థర్డ్ క్వార్టర్ లాస్ట్‌ల అక్కకి దమ్ము అయిపోతది" అంది. ఏడు అక్కడే కుళాయి దగ్గర బాటిల్ నింపుకుంటోంది, విని మూత పెట్టకుండానే ఇటు నడిచొచ్చింది, "ఏందే, నాయి రెండు నిమిషాలు నీకెందుకు, ఎవర్ని కాస్తవ్ చెప్పు ఫస్ట్" అని నోట్‌బుక్ తన వైపు తిప్పుకుంది.